నా కుడికాలి కింద ఊరి బాడుగలు

ప్రొద్దుటూరులో ఇల్లు వెతుక్కుంటున్న పిల్లలారా! ఏ వీధిలో ఏ ఇల్లు ఖాళీగా ఉందో, పంపు నీళ్ళు ఏ పూట వస్తాయో, బండి పెట్టుకోవడానికి చోటుందో లేదో మీ ఫోన్లలో ఫోటోలతో సహా కనబడుతుందట. సంతోషం. అయితే ఒక సంగతి ఏ ఫోనూ చెప్పదు, నేను చెప్తాను వినండి. కొంతకాలం ఈ ఊళ్ళో ఇంటి బాడుగలు పెంచింది నా కుడికాలు. నవ్వకండి. ఇప్పుడంటే దానికి మోకాలి నొప్పి వచ్చి తైలం రాస్తే గానీ మెట్లెక్కనంటుంది గానీ, దాని హయాంలో అది బ్రేకు మీద పడితే చాలు, ఆ వీధిలో బాడుగ లేచి కూర్చునేది.

చిలమకూరు వైపు ఉన్న ఒక సిమెంటు ఫ్యాక్టరీలో స్టాఫ్ బస్సు నడిపి రిటైరైనవాణ్ణి నేను. మాది పెద్దముడియం పక్కన పల్లె. మా నాయన గొర్రెలు కాసేవాడు. నేనూ చిన్నప్పుడు కర్ర భుజాన వేసుకుని ఆయన వెనక తిరిగినవాణ్ణే. నాకు బస్సు ఉద్యోగం వచ్చిందని చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అదీ గొర్ల మందే గదరా. పొద్దున తోలకపోవాల, సాయంత్రం తోలకరావాల" అన్నాడు. నాకప్పుడు కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మీరు ముందే తెలుసుకోవడం మంచిది.

ప్రొద్దుటూరు ఎంత ఖరీదైన ఊరో మీకు నేను చెప్పనక్కర్లేదు. బంగారం కొట్లు, బట్టల కొట్లు, వీధికో స్కూలు, సందుకో ఆసుపత్రి. జమ్మలమడుగులో కొలువు చేసేవాడు, ఎర్రగుంట్లలో కొలువు చేసేవాడు, ఆఖరికి పులివెందుల ఆఫీసుకు రోజూ పోయి వచ్చేవాడు కూడా కాపురం మాత్రం ప్రొద్దుటూరులోనే పెడతాడు. వాడు పెట్టడు, వాడి భార్య పెట్టిస్తుంది. "నువ్వు యాడన్నా పన్జేసుకో, నేను మాత్రం ప్రొద్దుటూర్లోనే ఉంటా" అనే మాట నా బస్సులో వినని రోజు లేదు. పొద్దునయ్యేసరికి సగం ఊరు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని బయటికి పోయేది, చీకటి పడేసరికి తిరిగొచ్చేది. ఇంతమంది ఒక్క ఊరిమీద పడితే బాడుగలు పెరగక ఏమవుతాయి?

నా బస్సుకు మొదట్లో ఊళ్ళో రెండే స్టాపింగులు. ఒకటి బస్టాండు దగ్గర, ఇంకొకటి గాంధీ రోడ్డు మూలన. అవి దాటితే ఎర్రగుంట్ల రోడ్డు పట్టుకుని, పెన్న వంతెన ఎక్కి, నేరుగా ఫ్యాక్టరీ గేటు. మూడో స్టాపింగు పుట్టింది మాత్రం అల్లం టీ వల్ల. వంతెనకు కాస్త ముందర ఒక సందు మొగదలలో ఒక అక్క టీ బంకు పెట్టుకుంది. అల్లం దంచి వేసిన ఆమె టీ తాగితే చాలు, నిద్రమత్తంతా వదిలిపోయేది. గ్లాసు కిటికీలోంచే అందుకుని, తాగి, ఇచ్చేసి పోయేవాణ్ణి. ఆ మాత్రం దానికి బ్రేకు వెయ్యాలి కదా, వేశాను. మర్నాడు మా ప్యాకింగు సెక్షను ఆయన ఒకాయన ఆ బంకు దగ్గరే క్యారియరుతో నిలబడి ఉన్నాడు. "ఎట్లాగూ ఆపుతాండావు గదా, రేపట్నుంచి ఈడే ఎక్కతా" అన్నాడు. వారం తిరక్కముందే అక్కడ గుంపు పోగైంది.

ఆ సందులో ఒక మూడంతస్తుల ఇల్లుంది. ఒకరోజు దాని గోడకు కొత్త బోర్డు వేలాడింది. 'ఇల్లు బాడుగకు ఇవ్వబడును. కంపెనీ బస్సు వాకిట్లోనే'. నేను టీ గ్లాసు పట్టుకుని ఆ బోర్డు రెండుసార్లు చదివాను.

"వాకిట్లోనేనంట మామా! నేను టీ తాగేది ఆయన వాకిట్లోనా?" అన్నాను.

నేను మామా అని పిలిచేది మా బస్సు క్లీనరును. ఆయన కువైట్లో ఏళ్ళ తరబడి నీళ్ళ ట్యాంకరు నడిపి వచ్చిన మనిషి. చూపు తగ్గడంతో లైసెన్సు రాలేదు. స్టీరింగు వదిలి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ సంపాదనతో రోడ్డు వదిలి బాగా లోపలికి, నాలుగు మలుపులు తిరిగితే గానీ రాని ఒక సందులో ఇల్లు కట్టుకున్నాడు. కింద తాను, భార్య బీబీ ఉండేవారు. పైన రెండు గదులు వేశాడు గానీ ఎవరూ చేరలేదు. బస్సు రాని సందు కదా.

మామ ఆ బోర్డు చూసి గడ్డం గోక్కున్నాడు. "అరే, నువ్వు టీ తాగితే ఆయనకు బాడుగ పెరుగుతాండాది. ఇంగ బిర్యానీ తింటే ఊరు అమ్మేస్తారప్పా" అన్నాడు. బస్సంతా గొల్లుమంది.

నవ్వులు అక్కడితో ఆగాయి గానీ సంగతి ఆగలేదు. స్టాపింగు ఉంటే బాడుగ వస్తుందని ఊళ్ళో ఇళ్ళవాళ్ళందరికీ తెలిసిపోయింది. ఇక చూడండి నా వైభవం! పెళ్ళిళ్ళలో మొదటి బంతికి నన్ను పిలిచేవారు. నా ముఖం కూడా ఎరగని మనుషులు జొన్నరొట్టె, నాటుకోడి కూర ఇంటికి పంపేవారు. ఒకాయన మా అత్తగారి ఊరు కనుక్కుని, ఆ లెక్కన నాకు తమ్ముడి వరస కలిపాడు. "మా సందు కాడ ఒక్క నిమిసం ఆపు తమ్ముడూ, నీ కాలికి దండం పెడతా" అన్నాడు. నిజంగా కాలికే పెట్టాడు, కుడికాలికి. నేను కాదనేవాణ్ణి, కూర మాత్రం వెనక్కి పంపేవాణ్ణి కాదు. ఏం చేయమంటారు, నాటుకోడి కూర!

ఊళ్ళో ఇల్లున్న ప్రతివాడూ అడిగాడు. అడగనిది మామ ఒక్కడే. పక్కనే, తలుపు పట్టుకుని రోజంతా నాతో ఉండే మనిషి, పైన రెండు గదులు ఖాళీగా పెట్టుకున్న మనిషి, తన సందు పేరు ఒక్కసారి ఎత్తలేదు. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మా ఫ్యాక్టరీ ల్యాబులో సిమెంటు పరీక్ష చేసే ఉద్యోగంలో ఒక అమ్మాయి చేరింది. ఊరు సింహాద్రిపురం. వాళ్ళ నాయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. ల్యాబులో అంతకుముందు ఆడపిల్ల లేదు. ఆ పిల్లకు ఆ ఉద్యోగమంటే ప్రాణం. పొద్దున బస్సెక్కితే ముఖం వెలిగిపోతుండేది. "ఈ పొద్దు మా గట్టిదనం పరీక్ష అన్నా, మెషీన్లో పెట్టి పగలగొడతాం" అని సిమెంటు దిమ్మ గురించి ఎవరో సినిమా కథ చెప్పినట్టు చెప్పేది. నాకు సగం అర్థం కాకున్నా వినేవాణ్ణి. పని మీద అంత ఇష్టం ఉన్నవాళ్ళు నా బస్సులో మరీ ఎక్కువేం లేరు.

అయితే వాళ్ళ నాయన ఒక షరతు పెట్టి పంపాడు. "బస్సు దిగితే ఇంటి వాకిలి కనబడాల. కనబడకుంటే ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దు, ఇంటికొచ్చెయ్." ఆయన తప్పేం లేదు. శీతాకాలంలో బస్సు తిరిగొచ్చేసరికి చీకటి పడేది. అందుకని ఆ పిల్ల వాళ్ళ అమ్మమ్మను తోడు తెచ్చుకుని, టీ బంకు పక్కన ఆ మూడంతస్తుల ఇంట్లోనే, పైన ఒక గదిలో దిగింది. బస్సు దిగితే వాకిలి కనబడుతుంది. కిటికీలోంచి అమ్మమ్మ కూడా కనబడుతుంది.

కొత్తలో బాగానే ఉంది. తరవాత ఆ ఇంటి ఆసామి బాడుగ పెంచాడు. ఆ పిల్ల ఎట్లాగో సర్దుకుంది. మళ్ళీ పెంచాడు. ఈసారి ఆమె అడిగిందట, "గది అదే గదా, గోడకు సున్నం గూడా వెయ్యలేదు, ఎందుకు పెంచినారు?" అని. దానికి ఆయన చెప్పిన జవాబు మీరు గుర్తుపెట్టుకోండి, మీకూ ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు చెప్తాడు. "గదికైతే పాత బాడుగేనమ్మా. పెంచింది బస్సుకు."

ఆ సాయంత్రం ఆమె అందరికంటే చివర దిగింది. దిగుతూ నా సీటు పక్కన ఆగింది. కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. ఆ కోపం చూసి నాకు ముచ్చటేసింది.

"అన్నా, నువ్వు ఈడ ఆపితే నేను బాడుగ కట్టలేను. ఆపకుంటే మా నాయన నన్ను ఈ ఊళ్ళో ఉండనీడు. ఏం జేయాల్నో నువ్వే చెప్పు."

బ్రేకు మీదున్న నా కాలి వైపు చూసుకున్నాను. బ్రేకు వేసినా ఆ పిల్లకు కష్టమే, వేయకున్నా కష్టమే.

రాత్రంతా పళ్ళు నూరి, పొద్దున ఒక నిర్ణయానికి వచ్చాను. ఆ ఆసామికి బుద్ధి చెప్పాలి! స్టాపింగు ఒక సందు ముందుకు జరిపాను. అక్కడ దిగినా ఆ పిల్లకు వాకిలి కనబడుతుంది, ఆయనకు మాత్రం 'వాకిట్లోనే' అని రాసుకునే భాగ్యం ఉండదు. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ రోజు రెండు టీలు తాగాను.

ఏమైందనుకుంటున్నారు? ముందు సందులో బాడుగలు పెరిగాయి. వెనక సందులో తగ్గలేదు! ఎక్కిన బాడుగకు దిగడం రాదని నాకప్పుడే తెలిసింది. పైగా కొత్త సందు ఆసామి ఊరుకోకుండా, స్టాపింగు తనదేనని స్థిరపరచడానికి నున్నటి నాపరాయి బండ ఒకటి తెచ్చి, కింద రెండు రాళ్ళు పేర్చి, దానిమీద కూర్చునేందుకు అరుగులాగా వేయించాడు. మన జిల్లాలో నాపరాళ్ళకేం తక్కువ? అది చూసి మూడంతస్తుల ఆసామి ఇంకా పెద్ద బండ వేయించాడు. దాన్ని చూసి ఆ పక్క సందువాడు బండ వేసి, మీద రేకుల నీడ కూడా వేయిస్తానన్నాడు. చూస్తుండగానే ఎర్రగుంట్ల రోడ్డు పొడవునా మూడు అరుగులు తయారయ్యాయి. మా మామ వాటిని చూసి, "కూర్చునేదానికి చోటు శానా ఐపోయింది, ఉండేదానికే ల్యా" అన్నాడు.

ఇంతలో ఆ పిల్ల వాళ్ళ నాయనకు విషయం తెలిసింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాడట. "నేను ఆటో తెస్తాండా. సామాను కట్టుకో" అని ఫోన్లో చెప్పి పెట్టేశాడు.

ఆ పొద్దు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మంచు పట్టి ఉంది. టీ బంకు దగ్గర సామాను ఆటో ఒకటి ఆగి ఉంటే, దాన్ని చూసి నేను పాత చోటే బ్రేకు వేశాను. ఆటో పక్కన భుజాన తువ్వాలు వేసుకున్న ఒక పొడుగాటి మనిషి నిలబడ్డాడు. అమ్మమ్మ మెట్లమీద గిన్నెల మూట పెట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ఎప్పటిలాగే క్యారియరుతో బస్సు ఎక్కబోతుంటే ఆయన అన్న మాట నాకు వినబడింది. "పొయ్యి మానేస్తాండానని చెప్పేసి రా. అంతలోకి నేను సామాను ఎక్కిస్తా."

ఆమె వచ్చి నా వెనక సీట్లో కూర్చుంది. సిమెంటు దిమ్మల మాటే లేదు. నేను గేరు వేశాను. నాలుగు గజాలు పోయామో లేదో, ముందర రోడ్డుకు అడ్డంగా ఒక ట్రాక్టరు. అందులో రేకులు, ఇనప గుంజలు. మూడో సందువాడు నీడ వేయించడానికి తెచ్చాడు. దాన్ని దించనివ్వకుండా రెండో సందువాడు తన కారు తెచ్చి ట్రాక్టరు ముందు పెట్టాడు. మూడంతస్తుల ఆసామి లుంగీ ఎగ్గట్టి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"స్టాపింగు నాది! మొదట బస్సు నిలబడింది నా వాకిట్లో!"

"నీ వాకిట్లో నిలబడింది టీకి! నా కాడ నిలబడేది మనుసులకు!"

"రేకులు యాడేస్తే స్టాపింగు ఆడ! తియ్ నీ కారు!"

బస్సుకు దారి లేదు. హారను కొట్టాను. మళ్ళీ కొట్టాను. వెనక బస్సంతా గోల మొదలైంది. మా టైమ్ ఆఫీసు సారు గేటు విషయంలో మహా ఖచ్చితం. సైరను మోగేలోగా బస్సు లోపల లేకుంటే అందరికీ సగం రోజు జీతం పోతుంది, నాకు మెమో వస్తుంది. మామ కిందికి దూకి ముగ్గురినీ బతిమాలాడు, తిట్టాడు, ఉర్దూలో కూడా తిట్టాడు. ఒక్కడూ కదల్లేదు.

అప్పుడు వెనకనుంచి ఆ పిల్ల లేచింది. "తలుపు తియ్యన్నా. నేను నడుస్తా."

"యాడికి నడుస్తావమ్మా?"

"వంతెన దాకా. ఆడికి పోయినంక ఏదో ఒకటి దొరుకుతాది. ఆఖరి రోజు గూడా లేటుగా పోమంటావా?"

దిగింది. తల తిప్పకుండా, ఆ ముగ్గురినీ దాటుకుని నడిచింది. ఆమె వెనక ప్యాకింగు ఆయన దిగాడు. ఆయన వెనక సిమెంటు బట్టీ కాడ పనిచేసే కిల్ను సెక్షను వాళ్ళు దిగారు. "పదండప్పా, కూర్చుంటే సగం రోజు పాయె" అంటూ ఒకరి వెనక ఒకరు బస్సు మొత్తం దిగింది. క్యారియర్లు ఊపుకుంటూ అందరూ మంచులో వంతెన వైపు నడవడం మొదలుపెట్టారు. వాళ్ళను చూసి సందుల్లోంచి రావలసినవాళ్ళు కూడా, ఈరోజు బస్సు లేదేమోననుకుని, అటే అడుగులు వేశారు.

ఆ ముగ్గురు ఆసాములు కేకలు మాని చూశారు. స్టాపింగు ఉంది, అరుగులున్నాయి, బస్సు కూడా ఉంది. ఎక్కే మనిషి లేడు! దేనికోసం కొట్లాడుతున్నారో అది కాళ్ళ ముందరే నడిచి వెళ్ళిపోయింది. ముందు కారువాడు సిగ్గుపడి కారు తీశాడు. ట్రాక్టరు పక్కకు జరిగింది. నేను ఖాళీ బస్సును ఉరికించాను.

వంతెన దాకా రోడ్డు పొడవునా మావాళ్ళే, నలుగురొక చోట, ఇద్దరొక చోట, విడివిడిగా నడుస్తున్నారు. ఎక్కడ ఆపను? ఆపుదామని కాలు బ్రేకు మీదికి పోయింది, అంతలో మా నాయన గొంతు వినబడ్డట్టయింది. మందను తోలేటప్పుడు ఆయన నన్ను ఎన్నిసార్లు తిట్టాడో! "నడిచే గొర్రె కోసం నువ్వు మెల్లగా పోరా, పర్వాలేదు. నిలబడిన గొర్రె కోసం ఆగితివా, మందంతా నిలబడిపోతాది." అంతే! నేను బ్రేకు పూర్తిగా వేయలేదు. రెండో గేరులో, మనిషి నడిచే వేగానికి బస్సును దించి వాళ్ళ పక్కన పోనిచ్చాను. మామ తలుపు దగ్గర ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చెయ్యి బయటికి చాచాడు.

"ఎక్కప్పా, ఎక్కు! నిలబడొద్దు, నడుచుకుంటానే ఎక్కు! అమ్మా, నీ క్యారియరు ఇయ్యి ముందు!"

ఒక్కొక్కరు ఎక్కుతున్నారు. పెద్దవాళ్ళకైతే ఒక్క క్షణం ఆపి, వెంటనే కదిలించాను. బస్సులో ఈలలు, చప్పట్లు! తిరునాళ్ళకు పోతున్నట్టుంది. నా ఒళ్ళు పులకరించింది, నిజం చెప్తున్నాను. అన్నేళ్ళు బస్సు నడిపాను గానీ ఆ పొద్దు నడిపినట్టు ఎప్పుడూ నడపలేదు.

వంతెన మొదట్లో ఆ పిల్ల కనబడింది. పక్కన ఆ పొడుగాటి మనిషి, వాళ్ళ నాయన. కూతురు బస్సు దిగి ఎటో పోతోందని చూసి, ఆటో వదిలేసి వెంట పరుగెత్తినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. మామ ఆ పిల్లను ఎక్కించి, అదే ఊపులో ఆయన చెయ్యి కూడా పట్టుకుని లాగేశాడు.

"యోవ్, నేను కంపెనీ మనిసిని కాదు!" అని ఆయన అరుపు.

"నడుస్తాండావు గదా! ఎక్కు!" అని మామ అంతకంటే పెద్ద అరుపు.

ఆయన్ను నా పక్కన ఇంజను దగ్గర సీట్లో కూర్చోబెట్టారు. కాసేపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. వెనక అప్పటికే పెద్ద సభ నడుస్తోంది. ఇంక స్టాపింగే వద్దని ఒకరు, రేపట్నుంచి ఎవరింటి దగ్గర నుంచి వాళ్ళు వంతెన వైపు నడుస్తూ ఉండాలని ఇంకొకరు. బస్సు ఎక్కడ కలిస్తే అక్కడ ఎక్కడమే. నిలబడ్డవాడికి మాత్రం ఆపకూడదు. నిలబడితే అదే స్టాపింగు అవుతుంది, స్టాపింగు అయితే బోర్డు వేలాడుతుంది. కాళ్ళు బాగాలేనివాళ్ళకు ఇంటిదగ్గరే ఆపాలని కిల్ను సెక్షను పెద్దాయన అన్నాడు, దానికి అందరూ సరేనన్నారు.

వాళ్ళ నాయన ఇదంతా విన్నాడు. నా వైపు తిరిగి, "గొర్లు కాసినావా అప్పా నువ్వు?" అన్నాడు.

"కాసినా."

"అనుకుంటి" అన్నాడు.

సైరను మోగుతుండగా గేట్లోకి దూరాం. టైమ్ ఆఫీసు సారు గేటు దగ్గరే ఉన్నాడు. అందరినీ లెక్క చూసుకుని, తువ్వాలు మనిషి దగ్గర ఆగాడు. "ఈయనెవరు? ఏ స్టాపింగులో ఎక్కాడు?"

నేను నోరు తెరవకముందే మామ అందుకున్నాడు. "స్టాపింగు లేదు సార్. నడుస్తాంటే ఎక్కించినాం." సారుకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గేటు టైముకు బస్సు వచ్చింది కాబట్టి తిట్టడానికి వీల్లేకపోయింది.

ఆ పిల్ల దిగి, నాయన ముందు నిలబడింది. ఆయన ల్యాబు ఎక్కడని అడిగాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. దూరంగా గాజు కిటికీల గది. లోపల్నుంచి ఎవరో ఆమెను చూసి, త్వరగా రమ్మని చెయ్యి ఊపారు. ఆయన ఆ గది వైపు కాసేపు చూశాడు.

"సాయంత్రం దాకా ఏమీ చెప్పొద్దులే. ముందు పొయ్యి పని చేసుకో" అన్నాడు.

ఆ పిల్ల ఉరికింది. నిజంగానే ఉరికింది, క్యారియరు గలగలలాడుతూ. నాకు ఏడుపొచ్చింది. రాలేదని అబద్ధమెందుకు చెప్పాలి?

సాయంత్రం తిరుగు బస్సులో ఆయన మాతోనే వచ్చాడు. టీ బంకు దగ్గర, ఆటోవాడే ఎక్కించిన సామానుతో ఆటో అట్లాగే ఉంది, పైన అమ్మమ్మ కాపలా. ఆటోవాడు ఇంటికా, ఇంకెక్కడికా తేల్చమంటున్నాడు. అప్పుడు నేను బస్సు దిగి, మామను చెయ్యి పట్టుకుని ఆయన ముందుకు లాక్కొచ్చాను. మామ అడగడని నాకు తెలుసు కదా.

"ఈయనకు పైన రెండు గదులు ఖాళీగా ఉండాయి. కింద ఈయన, బీబీ ఉంటారు. పొద్దున ఈయన నా కాడికి నడిచొస్తాడు, సాయంత్రం ఇంటికి నడిచిపోతాడు. మన పిల్ల ఈయన జతనే పోతాది, ఈయన జతనే వస్తాది."

"రోడ్డుకు దూరమేమో?"

"శానా దూరం" అన్నాడు మామ, దాచకుండా. "నాలుగు మలుపులుండాయి."

"బస్సు దిగితే వాకిలి కనబడదన్న మాట."

ఆ పిల్ల నోరు విప్పింది. "కనబడకుంటేనే మేలు నాయనా. బస్సుకు కనబడే వాకిలికంతా బాడుగ పెరుగుతాండాది."

ఆయన ఇంకా తటపటాయిస్తుంటే మామ గడ్డం సవరించుకున్నాడు. "వాకిలి కనబడేదెందుకప్పా? వాకిలే నీ బిడ్డ జత నడుచుకుంటా పోతాది" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆ పెద్దమనిషి మామను పైనుంచి కిందిదాకా చూశాడు. తరవాత ఆటోవాడి వైపు తిరిగి, "ఆ సందులోకి ఆటో పోతాదా, మోసుకపోవాల్నా?" అని అడిగాడు. అంతే, తేలిపోయింది. సామాను మేమందరం తలా ఒక చెయ్యి వేసి మోశాం. బీబీ మెట్ల దగ్గర నిలబడి, గిన్నెల మూట అమ్మమ్మ చేతిలోంచి అందుకుని, ముందు టీ తాగమంది. బాడుగ ఎంతని వాళ్ళ నాయన అడిగితే బీబీ చెప్పిన మాట విని ఆయన రెండోసారి అడిగాడు, తక్కువ వినబడిందేమోనని.

ఆ రోజు నుంచి నేను రిటైరయ్యేదాకా నా బస్సు నిలబడ్డవాడికి ఆగలేదు. సారుకు కోపం వచ్చిన రోజులున్నాయి. వాన రోజుల్లో తిట్లు తిన్నాం. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం అరుగుమీద కూర్చుని చెయ్యెత్తి, బస్సు దాటిపోతుంటే పరుగెత్తి నేర్చుకున్నారు. ఊరి బాడుగలన్నీ దిగాయని నేను కోతలు కొయ్యను. ప్రొద్దుటూరు ప్రొద్దుటూరే. కానీ 'కంపెనీ బస్సు వాకిట్లోనే' అన్న బోర్డులు పోయాయి. మావాళ్ళు నీళ్ళు బాగా వచ్చే వీధి, పిల్లల స్కూలుకు దగ్గరైన వీధి, చెల్లెలు ఉండే వీధి చూసుకుని ఇళ్ళు పట్టుకున్నారు. మూడంతస్తుల ఆసామి నాపరాయి బండ మాత్రం ఇప్పటికీ ఉంది. సాయంత్రాలు ఆయనే దానిమీద కూర్చుని వచ్చేపోయే బస్సులు చూస్తుంటాడు. నన్ను చూస్తే పలకరిస్తాడు. నేనూ పక్కన కూర్చుంటాను. బండ మంచి చల్లగా ఉంటుంది.

కాబట్టి పిల్లలారా, ఇల్లు చూసుకునేటప్పుడు బస్సు ఎక్కడ ఆగుతుందో ఒక్కటే చూడకండి. పొద్దున మీ పక్కన ఎవరు నడుస్తారో చూసుకోండి.

మొన్న డాక్టరు మోకాలికి నడక మంచిదన్నాడు. పొద్దున్నే వంతెన వైపు బయల్దేరాను. వెనక హారను వినబడి పక్కకు తప్పుకున్నాను. బస్సు వెళ్ళిపోలేదు. నా పక్కనే, నా అడుగుల వేగానికి మెల్లగా రాసాగింది. నాకు తెలియని కొత్త డ్రైవరు. తలుపు దగ్గర తెలియని క్లీనరు చెయ్యి చాచి ఉన్నాడు.

"నేను రిటైరైనా నాయనా, మీరు పోండి" అన్నాను.

కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది. ఇప్పుడు ల్యాబంతా ఆమె చేతిలోనే ఉంది. చెవుల దగ్గర రెండు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. ముఖం మాత్రం మొదటిరోజు లాగే వెలుగుతోంది.

"నడుస్తాండావు గదన్నా! ఎక్కు!"

ఎక్కాను.